రెండక్షరాల తేడా

సిరిసిల్లలో మా వాడకట్టు మొత్తానికి ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. మెట్రిక్ పాసై ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నన్ను కన్నవాళ్లు అవ్వ, బాపు ఇంట్లో మగ్గం నేసేవాళ్లు. అన్న షోలాపూర్‌లో ఒక మిల్లులో పనిచేసేవాడు. వదిన మా దగ్గరే ఉండి మగ్గానికి నూలు కండెలు చుట్టేది.

ఒకనాడు పొద్దున్నే షోలాపూర్ నుంచి తార్, అంటే టెలిగ్రాం, వచ్చింది. అందులో అన్న పేరు, పక్కన 'డిసీస్డ్' అన్న మాట, వెంటనే రమ్మని కబురు. ఆ మాట నేనెన్నడూ చూడలేదు. మెల్లగా పలికి చూసుకున్నాను. ఆరోగ్యం పాఠంలో చదివిన 'డిసీజ్' గుర్తొచ్చింది. దానికే చివర 'డి' చేర్చి జబ్బుపడ్డాడని రాశారనుకున్నాను.

"ఏమైందే?" అన్నాడు బాపు.

"అన్నకు పాణం బాగలేదట. రమ్మన్నరు."

"గంతేనా! ఎంత పరేషాన్ చేసింది గీ తార్," అని అవ్వ కూలబడింది. వదిన శొంఠి దంచి డబ్బాలో పోసుకుంది. మధ్యాహ్నం ముగ్గురూ బస్సులో కామారెడ్డి పోయి అక్కడ రైలెక్కారు. నేను బడికి పోయాను.

మర్నాడు, నాకూ సెలవు కావాల్సి వస్తుందేమోనని, తార్ తీసుకెళ్లి పెద్ద పంతులుగారికి చూపించాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు.

"బిడ్డా, ఇది జబ్బు కాదు. మనిషి పోయిండు."

నిఘంటువు తెరిచి 'డిసీజ్డ్', 'డిసీస్డ్' రెండు మాటలూ చూపించాడు. ఇంగ్లీషు రాతలో రెండక్షరాలే తేడా. పలికితే నాకు రెండూ ఒక్కటిగానే వినిపించాయి.

గంట కొట్టారు. మూడో తరగతికి పోయి ఎక్కాలు చెప్పించాను. సాయంత్రం అన్నం వండుకుని తిన్నాను. రైల్లో ఉన్నవాళ్లకు కబురు చేసే దారి లేదు.

ఐదో రోజు వచ్చారు. దహనం తోటి పనివాళ్లే చేశారట. మిల్లు గేటు దగ్గర వదిన "ఏ దవాఖానల ఉన్నడు?" అని అడిగిందని బాపు చెప్పాడు. అవ్వ నా మీద కేకలేస్తుందనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకుంది.

వదిన నా దగ్గరికొచ్చి కూర్చుంది. "నీకు ఎర్కుండే దాచినవా?"

"లేదు వదినా. తప్పు చదివిన."

"దాచినవనుకున్న. నేనైతే ఆయన కోలుకుంటడని దారి పొడుగునా ముచ్చట్లు పెట్టుకుంటనే పోయిన," అని లేచి వెళ్లింది.

వాడకట్టు వాళ్లు కాగితాలు తేవడం మానలేదు. ప్రతి మాటకూ నిఘంటువు చూసి చదివిపెట్టేదాన్ని. అన్న కోసం ఎప్పుడు ఏడ్చానో గుర్తు లేదు. అసలు ఏడ్చానో లేదో కూడా.