బుట్టలో గుడ్లు

అరవై ఒకటో, అరవై రెండో సరిగ్గా గుర్తులేదు. అప్పుడు నేను గూడూరులో ఒక అభ్రకం కంపెనీలో గుమాస్తాను. విదేశీ కొనుగోలుదారులతో నష్టభయం గురించి మాట్లాడేటప్పుడు వాడే ఇంగ్లీషు నుడికారాలు నేర్చుకోమని మేనేజరుగారు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. కావలి వెళ్ళే ప్యాసింజరులో కూర్చుని దాన్ని పైకే వల్లెవేస్తున్నాను.

నెల్లూరులో ఎక్కిన ఒక పెద్దామె ఎండుచేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఏంది నాయనా, ఒకటే మాట తిప్పి తిప్పి చదవతా ఉండావు?" అని అడిగింది.

"వ్యాపారం మాట పెద్దమ్మా. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టబాకండి అని. బుట్ట జారితే అన్నీ పోతాయి గదా," అన్నాను, కాస్త గొప్పగానే.

ఆమె తలూపింది. "మా పాళెంలోనూ అంతే. తండ్రీకొడుకుల్ని ఒకే పడవ ఎక్కనియ్యం. ఒక ఏడు రెండో పడవకి చిల్లి పడింది. మా ఆయన, ఇద్దరు బిడ్డలు ఒక్కదాంట్లోనే సముద్రం మీదికి పోయినారు."

"తిరిగొచ్చినారా?" అన్నాను తెలివితక్కువగా.

"పడవొచ్చింది."

ఆమె ముఖంలోకి చూడలేక పుస్తకం మూసేశాను.

బిట్రగుంటలో దిగబోతూ ఆమె ఆగింది. "ఆ మాట మొదట చెప్పినోళ్ళకి ఎవరు పోయినారో నీ పుస్తకంలో రాసుండాదా నాయనా?"

గంప ఎత్తి ఆమె తలమీద పెట్టాను.

తర్వాత ఏళ్ళతరబడి కొనుగోలుదారులతో మాట్లాడాను. ఆ ఒక్క మాట మాత్రం వాడలేదు.