నలుగురు ఇంజినీర్లు, ఒక పిన్నీసు

పొద్దున ఆఫీసుకి వచ్చాక కారు రిమోట్ తాళంలో కొత్త బ్యాటరీ నేనే వేసుకున్నాను. సాయంత్రం మాదాపూర్‌లో మా ఆఫీసు సెల్లార్‌కి వచ్చి నొక్కితే తలుపు తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే మా టీమ్ వాళ్లు ముగ్గురు దిగొచ్చారు. ఒకరు వీడియో పెట్టి చూశారు, ఒకరు బ్యాటరీ తిప్పి వేశారు, మా లీడ్ అయితే కొత్త తాళమే కొనాలని తేల్చేశాడు. ముప్పావుగంట గడిచింది.

పక్కనే నిలబడి చూస్తున్న సెక్యూరిటీ యాదగిరి, "జర నాకియ్యుండ్రి మేడం" అని తాళం తీసుకున్నాడు. విప్పి, బ్యాటరీ కింద అణిగిపోయిన సన్నటి రేకును తన పిన్నీసుతో పైకి లేపాడు. పాత బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తూ దాన్ని అణిచేసింది నేనే. ఈసారి నొక్కగానే కారు కుయ్‌మంది.

"ముందే చెప్పొచ్చు కదన్నా?" అన్నాను.

"రెండుసార్లు చెప్పిన మేడం. మీరంత ఇంగ్లిషుల మాట్లాడుకుంటున్నరు, ఎవ్వరు ఇనలే."

ఇందాక ఆఫీసు గ్రూపులో మా లీడ్ ఒక ఫోటో పెట్టాడు. తాళం పట్టుకుని నవ్వుతున్న మా నలుగురిదీ. కింద "టీమ్ వర్క్ అంటే ఇదీ" అని రాశాడు.

ఆ ఫోటో తీసింది యాదగిరి.

నేనూ లైక్ కొట్టాను. మీరూ కొట్టండి, ఏం పోయింది.