మూడు అచ్చుల చామంతి

గల్ఫ్‌లో, ఫహాహీల్లో నాతో గది పంచుకున్న నర్సక్కది పాలకొల్లు వైపు. తీరిక దొరికితే చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేది. రబ్బరు అచ్చుకు సిరా అద్దాక, కాగితం మీద వత్తే ముందు దాని మీద నోటితో ఒక్కసారి ఆవిరి ఊదేది. "తడారితే రంగు పట్టదే," అనేది.

ఒకసారి వాళ్ళ వార్డు ఊడ్చే కడప పెద్దమ్మ ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోతోంది. ఆమెకు చదువు రాదు. అందుకని అక్షరం లేకుండా ఒకే చామంతిని రంగుకొకటి చొప్పున మూడు అచ్చులతో, ఒకదాని మీద ఒకటి వెయ్యాలని అక్క పట్టుబట్టింది. అంతకుముందు ఎప్పుడూ చెయ్యని పని. మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. నాలుగు అట్టలు పాడై, ఒక్కటే మిగిలింది.

"పేరు రాసి ఇచ్చెయ్యక్కా," అన్నాను.

"రాస్తే ఎవరిచేతో చదివించుకోవాలి. బొమ్మయితే తనే చూసుకుంటాది."

ఊదింది, వత్తింది. మూడో అచ్చు కాస్త పక్కకి జరిగింది. నాకు ఉసూరుమంది. అక్క మాత్రం కార్డు ఎత్తి చూసి నవ్వింది.

"ఇదే ఇస్తాను. దీనికేం తక్కువ?"

మర్నాడు పెద్దమ్మ మా గదికి వచ్చింది. కార్డు తీసుకుని, వేలితో రేకులు తడుముతూ చాలాసేపు చూసింది.

"గాలికి ఊగుతాండాది కదమ్మా," అంది.