పేరు తెలియని లోచ్ చేప

చిత్తూరులో మా వీధి చివర పరుపుల దుకాణం నడిపే మిత్రుడు ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నాడు. అందులో రంగురంగుల చేపలు ఉండేవి కావు, లోచ్‌లు ఉండేవి. వానపాముకు మీసాలు మొలిచినట్టుండే సన్నటి చేపలు. పగలంతా ఇసుకలో దూరి ఉంటాయి. వచ్చినవాళ్లు ఖాళీ తొట్టెకు మోటారెందుకని నవ్వేవారు.

"కనపడేదాన్ని ఎవురైనా పెంచుతార్లేప్పా" అనేవాడు. దిండ్లలో కూరే ఫైబర్‌నే ఫిల్టరులో పెట్టేవాడు.

ఒకసారి తడ దగ్గర ఏట్లో కూరకోసం పట్టిన చేపల్లోంచి ఒకదాన్ని ఏరి తెచ్చుకున్నాడు. తమిళులు అయిరై అనే చేపలాగే ఉంది కాని మచ్చలు వేరు. కంటి కింద చిన్న ముల్లు. వలకు చిక్కుకుంటుందని దాన్నెప్పుడూ గ్లాసుతోనే తీసేవాడు. అది ఏ రకమో కనుక్కోమని నాకు పురమాయించాడు. నేను విలేకరిని. పేపరువాడికి తెలియనిదుండదని ఆయన నమ్మకం. ఫోటోలు తీసి, తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరుకు పంపాను.

"ఫోటోలతో తేలదండీ. స్పిరిట్‌లో వేసి తెస్తే లెన్సు కింద చూసి చెబుతాను" అన్నాడాయన.

"పేరు కోసం సంపేదా?" అన్నాడు మిత్రుడు. "బతికినన్నాళ్లు బతకనీ. పోయినంక ఇచ్చేద్దాం."

తర్వాత మిత్రుడికే కాలేయం చెడింది. తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. భార్య అక్కడే ఉండిపోయింది. ఇంటి తాళం, చేపల మేత నా చేతికొచ్చాయి. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా మంచం మీంచి మొదటి మాట అదే: "అది ఉండాదా?"

ఒక ఉదయం అది ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. గ్లాసుతోనే తీశాను. స్పిరిట్ సీసాలో వేసి, బస్సెక్కి, నేరుగా లెక్చరరు దగ్గరికి వెళ్లాను. ఆయన లెన్సు కింద చాలాసేపు చూశాడు. సంతోషం పట్టలేక పేరు రెండుసార్లు చెప్పాడు. ఇళ్లలో ఎవరూ పెంచగా చూడలేదట.

ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు ఆ పేరు నా నోట్లోనే ఉంది. మంచం పక్కన కూర్చున్నాకగాని తట్టలేదు, పేరు చెబితే చావు కూడా చెప్పినట్టేనని. వార్త దగ్గరుంచుకుని నోరు మూసుకోవడం నాకు అలవాటులేని పని.

"దాని పేరేందో తెలిసిందా?" అన్నాడు.

"తెలీలా భాయ్."

కాసేపు నన్నే చూసి, కళ్లు మూసుకున్నాడు. "మంచిదేలే. తెలీలేదంటే బతికుండాదన్నమాట."

ఆ వారమే పోయాడు.

ఆయన భార్య ఇప్పటికీ సాయంత్రం ఆ తొట్టెలో మేత వేస్తుంది. మిగతావి ఇసుకలోంచి మూతులు బయటపెడతాయి.

"అదొక్కటే రాదు సూడన్నా. ఆయనుంటే వచ్చేది" అంటుంది.

"యాడో లోపల ఉండాదిలేమ్మా" అంటాను.

సీసా మా బీరువాలో ఉంది. దాని మీద పేరు రాసి అంటించలేదు.