నోరాడినంత బరువు

“నాయిన లేస్తలేడు, టీచరమ్మా.”

మొన్న మంగళవారం పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి ఉన్నాను. కింది ఇంటి మేస్త్రి కోడలు మా గుమ్మంలో నిలబడి ఈ మాట అంది. గొంతులో ఏడుపు లేదు. బస్సు ఇంకా రాలేదని చెప్పినట్టు చెప్పింది. స్టవ్ కట్టేసి కిందికి దిగాను. మేస్త్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రం రెండు జొన్నరొట్టెలు తిని, పచ్చట్లో కారం తక్కువైందని కోడలిని నాలుగు మాటలని, పడుకున్నాడట. ఎనభైకి అటో ఇటో వయసు. అలాంటి చావుకు ఏడవబోతే నా వయసు వాళ్ళకి మధ్యలో కాస్త అసూయ అడ్డొస్తుంది.

మా అపార్ట్‌మెంటు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వదిలి నాలుగు సందులు లోపలికి వస్తే తగులుతుంది. మేము మొదటి అంతస్తు. తెనాలి నుంచి ఎప్పుడో వచ్చిపడ్డ వాళ్ళం. మేస్త్రి కుటుంబం మా కింద. నల్గొండ పల్లె నుంచి వచ్చారు. ఆయన నలభై ఏళ్ళు కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయి బస్తాలూ మామిడి గంపలూ మోసిన హమాలీ. చివరి సగం ఆ ముఠాకు మేస్త్రి. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయినప్పుడు ఆయన మాత్రం తరలలేదు, మా అపార్ట్‌మెంటు గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక నేనంటారా, ముప్ఫై రెండేళ్ళు ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణిస్తే బరువు వస్తుందని వేలమంది చేత వల్లె వేయించాను. నేను స్వయంగా మోసిన బరువు పరీక్ష పేపర్ల కట్ట.

మా పరిచయం ఒక బియ్యం బస్తా వల్ల కలిగింది. లిఫ్టు చెడిపోయి ఉంది (ఇది మా అపార్ట్‌మెంటులో వార్త కాదు). కొట్టు మనిషి పాతిక కిలోల బస్తా మెట్ల కింద దించేసి పోయాడు. నేను ఇస్త్రీ బల్ల తెచ్చి, కాళ్ళు మడిచి, మెట్ల మీద వాలుగా పరిచి, దాని మీద బస్తాను పైకి లాగడం మొదలుపెట్టాను. ఏటవాలు తలం. తొమ్మిదో తరగతి పాఠం. మేస్త్రి కుర్చీలోంచి చాలాసేపు చూశాడు.

“ఏంది టీచరమ్మా, బియ్యానికి రోడ్డేస్తున్నవా?”

అప్పటికి నన్ను నువ్వు అన్న కొత్తవాడు లేడు. ముఖం చిట్లించుకున్నాను. ఆయన పట్టించుకోలేదు. బస్తా భుజానికెత్తుకుంటాడని ఎదురుచూశాను. ఎత్తుకోలేదు. లోపల్నుంచి రెండు స్టీలు బకెట్లు తెచ్చి, మూతి కుట్టు విప్పి, బియ్యం వాటిలో పోశాడు. నాకొకటి, తనకొకటి. రెండు సార్లు ఎక్కి దిగాం.

“మీరు అంత పెద్ద హమాలీ కదా, ఒక్కసారే తీసుకెళ్ళలేరా?” అన్నాను కొంచెం ఎగతాళిగానే.

“మోసిన కాలంల నూరు కిలోలు మోసిన. నలుగురు మెచ్చుకున్నరు. మోకాలు మాత్రం మెచ్చుకోలే,” అన్నాడు. “రెండు మాట్లు పోతే సిగ్గేంది? బియ్యం పారిపోతయా?”

బలం ఉన్నవాడు ఎంత ఎత్తాలి అని ఆయన్ని అడగని వాళ్ళు మా మెట్ల మీద లేరు. మూడో అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడుండేవాడు. జిమ్ముకు పోయి ఇనుప కడ్డీ ఎత్తి, అద్దంలో తనను తాను ఫొటో తీసుకునే రకం. ఒక ఆదివారం రెండు నీళ్ళ క్యాన్లు చెరో చేత్తో పట్టుకుని, “తాతా, నీ టైములో ఎంత ఎత్తేటోనివి?” అని అడిగాడు.

“ఎంతనో తర్వాత చెప్త. పొద్దున ఏం తిన్నవో చెప్పుకుంట మెట్లెక్కు, నేనింటున్న,” అన్నాడు మేస్త్రి.

“ఇడ్లీ తాతా... సాంబారు... గుడ్లు...” మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మెనూ ఆగిపోయింది. ముఖం బీట్‌రూట్ అయింది.

“దింపు!” అని కింద నుంచి కేక. “ఒక్క క్యాను తీస్కపో. ఇంకోటి మళ్ళ ఒస్తది.”

అది వాళ్ళ ముఠా పద్ధతి అని తర్వాత తెలిసింది. లారీ నుంచి కొట్టు దాకా వరసగా మోసుకుపోతూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉంటారట. పెళ్ళాల మీద, సేఠుల మీద, ఎవరూ లేకపోతే ఎండ మీద జోకులు. వెనకవాడి మాటకు ముందువాడు బదులు చెప్పకపోతే వెంటనే “దింపు” అని అరిచి బస్తా దింపించేస్తారు. మరుసటి మోతలో వాడి వంతు తగ్గిస్తారు. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. అందులో నామోషీ లేదు. “నోరాడుతున్నంతసేపు బరువు నీది. నోరు మూసినవంటే నువ్వు బరువుకు దొరికినట్టు,” అనేవాడు మేస్త్రి. ఆయనా ఒక మామిడి సీజన్లో పంతానికి పోయి, నోరు బిగబట్టి రెండు గంపలు ఎక్కువ మోశాడట. ఎడమ మోకాలు ఆనాటిదే. వాన వచ్చేముందు మాకు కబురు చెప్పేది.

ఇవన్నీ నాకు అప్పట్లో సరదా కబుర్లు. అవసరం కిందటేడు వచ్చింది.

మావారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. దవాఖానలో మూడు వారాలుంచి, ఇక ఇంట్లో చూసుకోండి అని పంపారు. ఇంట్లో ఎవరు? మా అమ్మాయి బడంగ్‌పేట్‌లో ఉంటుంది, బ్యాంకు ఉద్యోగం. పిల్ల చెడ్డది కాదు, నా పోలికే, అంటే ఉన్నమాట మొహం మీద అనేస్తుంది. “అమ్మా, నువ్వు యాభై కిలోలు. నాన్న డెబ్బై రెండు. మంచం మీంచి లేపడం నీ వల్ల కాదు. ఎల్బీ నగర్ అవతల ఒక కేర్ సెంటర్ చూశాను. చేర్పిద్దాం.”

“ఆయన్ని చేర్చుకుంటారు. ఆయన సణుగుడు ఎవరు చేర్చుకుంటారు?” అన్నాను.

“జోకులు ఆపు. ఆదివారం వస్తాను. నువ్వొక్కదానివే నాన్నను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టి చూపించు. చేస్తే ఇంట్లోనే ఉంటారు. చెయ్యలేకపోతే సోమవారం చేరుస్తాను. ఒప్పుకో.”

ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక భయం వేసింది. మావారు ఏమీ అనలేదు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన ఏమీ అనడమే లేదు. మాట ముద్దగా వస్తోందని సిగ్గుపడి నోరే విప్పడం మానేశారు. పైకప్పు చూస్తూ పడుకునేవారు, తనను తాను ఒక సామానుగా లెక్కేసుకున్నట్టు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగి మేస్త్రికి చెప్పాను. ఆయన నా కాళ్ళు, నడుము ఒకసారి చూసి, “నువ్వు సాలు,” అన్నాడు. ఇరవై రెండు కిలోల తేడా సంగతి గుర్తుచేశాను. “సారును నువ్వు మోస్తవా? సారు సగం లేవాలె, నువ్వు సగం లేపాలె. నీకొచ్చేది సగమే,” అన్నాడు. ఇంత సులువైన భాగహారం నాకు తట్టలేదు.

పాఠం బియ్యం బస్తాతో మొదలైంది. దానికి మావారి పాత చొక్కా తొడిగి మంచం అంచున కూర్చోబెట్టాడు. నడుము చుట్టూ తువ్వాలు బిగించి పట్టుకోవాలి. నా మోకాళ్ళు వంచాలి. ఎదుటి మనిషిని పైకి లాగకూడదు, ముందుకు వంచాలి. “ముక్కు మోకాలు దాటాలె. అప్పుడు పిర్ర తనంతట తానే లేస్తది.” గరిమనాభి ఆధారాన్ని దాటి ముందుకు రావడం అంటే అదే. బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో! ఎవరి పిర్రా లేవలేదు. నేను బస్తాను కౌగిలించుకుని ఊగుతుంటే, మంచం మీద నుంచి ఒక విచిత్రమైన శబ్దం వచ్చింది. మావారు నవ్వుతున్నారు. నోరు ఒక పక్కకే పోతోంది, అయినా నవ్వే. “చూసి నేర్చుకోండి, మీకన్నా బుద్ధిగా కూర్చుంది,” అన్నాను.

గురువారం బస్తా స్థానంలో మావారు కూర్చున్నారు. నేను తువ్వాలు పట్టుకున్నాను, మోకాళ్ళు వంచాను, ఊపిరి బిగబట్టాను. అన్నీ శాస్త్రప్రకారం. ఆయన కొయ్యలా బిగుసుకుపోయారు. ఇద్దరం కలిసి మంచం మీద పడ్డాం. మళ్ళీ చేశాను. మళ్ళీ పడ్డాం. మూడోసారీ అంతే. కంట్లో నలుసు పడిందని ఇక్కడ రాయవచ్చు. అబద్ధం దేనికి, ఏడ్చాను. సోమవారం ఆయన సంచిలో ఏ చొక్కాలు సర్దాలో కూడా మనసులో అనుకున్నాను.

మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. “అంత మంచిగనే ఉంది టీచరమ్మా. నోరెందుకు మూసినవ్?”

“బరువెత్తుతూ మాట్లాడమంటారా?”

“నీ నోరు ఇనకుంట సారు ఎన్నడన్న ఉన్నడా? నువ్వు సప్పుడు చెయ్యకపోతే ఏదో అయితుందని ఆయనకు భయమైతుంది. బస్తాకు భయం ఉండది, మనిషికుంటది. తిట్టు. రోజూ తిట్టినట్టే తిట్టు.”

నలభై ఏడేళ్ళ కాపురంలో నన్ను నోరు తెరవమని అడిగిన మొదటి మగవాడు మా మేస్త్రి. శుక్ర, శనివారాలు బాగానే సాధన చేశాం. అయినా నాలుగుసార్లకు రెండుసార్లే లేచారు.

ఆదివారం అమ్మాయి వచ్చింది. చేతులు కట్టుకుని బల్ల పక్కన కూర్చుంది, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన డీఈవోలాగా. మేస్త్రి బయట మెట్ల మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు. నేను తువ్వాలు బిగించాను.

“ఏవండీ, ముందుకు వంగండి. ఇంకా. పెళ్ళైన కొత్తలో తెనాలి స్టేషన్లో నన్ను ప్లాట్‌ఫారం మీద వదిలేసి రైలెక్కినప్పుడు బాగానే వంగారుగా, పెట్టె అందుకోవడానికి. పెట్టె ఎక్కింది, పెళ్ళాం ఎక్కలేదు. దుగ్గిరాల దాటాకగానీ చూసుకోలేదు మీరు...”

“న... నువ్వే,” అన్నారు మావారు. ముక్కు మోకాలు దాటింది. “సోడా... తాగుతూ... నించున్నావ్.”

“నిమ్మసోడా! ఎవరు తాగమన్నారు? మీరే కదా!”

“త్... త్వరగా... తాగమన్నా.”

ఈ వాదన ముగిసేసరికి ఆయన నిలబడి ఉన్నారు. రెండడుగులు పక్కకు తిప్పి కుర్చీలో కూర్చోబెట్టాను. తప్పు నాదేనని మరోసారి అన్నారు. నెల రోజుల తర్వాత ఆయన నోట అన్ని మాటలు విన్నాను, అన్నీ అన్యాయమే. అమ్మాయి కట్టుకున్న చేతులు విప్పి ముఖం కప్పుకుంది. “ఈ సోడా గొడవ నేను పుట్టకముందుది కదమ్మా,” అంది ఆ చేతుల్లోంచే. బయట మెట్ల మీద ఎవరో గట్టిగా ముక్కు చీదారు. సోమవారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ తర్వాత ఏడాదిలో మావారు కర్ర పట్టుకుని నడవడం, మెట్లు దిగడం నేర్చుకున్నారు. సాయంత్రాలు గేటు దగ్గర రెండు కుర్చీలు పడేవి. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసిన మావారూ, బత్తాయి హమాలీ మాట్లాడుకున్నది ప్రాజెక్టుల సంగతి కాదు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు! మావారి మాట ముద్దగా వస్తే మేస్త్రి “ఆఁ?” అని ఒక్కనాడూ అనలేదు. అర్థమయ్యేదాకా ఊరుకునేవాడు. ఆ ఓపిక నాకు లేదు. నేను వాక్యం మధ్యలోనే పూర్తి చేసేదాన్ని.

మొన్న మంగళవారం మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాయి. పాత ముఠావాళ్ళు వచ్చారు, పదిమంది దాకా, అందరూ ముసలివాళ్ళే, అందరి భుజాలూ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. మావారు సందు చివరిదాకా వస్తానన్నారు. వద్దంటే వినలేదు.

సందు మలుపులో పాడె దింపారు. దింపుడు కల్లం. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందేమోనని చివరిసారి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. కొడుకు పిలిచాడు, మనవరాలు పిలిచింది. ఇంతలో మావారు కర్ర వదిలి, నేను పట్టుకునేలోపు, రోడ్డు మీద చతికిలబడ్డారు. చెవి దగ్గరికి వంగి, “మేస్త్రీ,” అన్నారు. మూడుసార్లు. మూడోసారి మాట చాలా స్పష్టంగా వచ్చింది. జవాబు కోసం కాసేపు ఆగారు కూడా.

లేవబోతే లేవలేకపోయారు. మంచం మీంచి లేపడం నాకు వచ్చు, కుర్చీలోంచి లేపడం వచ్చు. నేల మీంచి లేపడం ఎప్పుడూ అవసరం పడలేదు, నేర్చుకోలేదు. చుట్టూ జనం. డప్పులు మోగుతున్నాయి. నేను వంగి ఆయన చంకల్లో చేతులు వేశాను. కదల్లేదు.

ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పొట్టి ముసలాయన చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి.

“ముందుగల సారును లేపుండ్రి. ఈయనకేం తొందర లేదు.”

నలుగురు వచ్చి చేతులు వేశారు. మావారు నేల వదిలి పైకి వచ్చారు. బత్తాయి బుట్టను దించినంత సున్నితంగా వాళ్ళు ఆయన్ని కాళ్ళ మీద నిలబెట్టారు. ఒకాయన ప్యాంటుకు అంటిన దుమ్ము దులిపాడు. కర్ర చేతికిచ్చాడు. ఆ తర్వాతే నలుగురూ తిరిగి పాడె ఎత్తారు.

పొట్టాయన వైపు పాడె కిందికి ఒరిగింది. ఆయన నడుస్తూనే ఎర్ర తువ్వాలను నాలుగు మడతలు పెట్టి, భుజానికీ వెదురుకూ మధ్య తోశాడు. పాడె సమానమైంది. మలుపు తిరిగేదాకా ఆ ఎరుపు కనబడుతూనే ఉంది. మావారు అటే చూస్తూ నిలబడి ఉన్నారు. ఆయన్ని పట్టుకున్న నా చేతులు ఎప్పుడు వదిలేశానో నాకు తెలియదు.