గొడుగు కొన

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆమెను మేమంతా సిస్టరమ్మ అనేవాళ్లం. మా ఫుట్‌బాల్ క్లబ్బు ఆడే ఏ మ్యాచ్‌నీ వదిలేది కాదు. వచ్చీ రాగానే గేటుకు కట్టిన ఫ్లెక్సీ ముందు ఆగేది. అధ్యక్షుడు, కార్యదర్శి, దాతల మొహాలను గొడుగు కొనతో ఒక్కొక్కటే తాకుతూ పోయి, "అందురూ ఉండారు. ఆడేవాళ్లు యాడప్పా?" అని అడిగేది.

హాఫ్‌టైమ్‌లో అతిథులకు శాలువాలు కప్పుతున్నంతసేపూ మేము ఎండలో నిలబడాలి. "సన్మానాలు ఆట అయినాక పెట్టుకోండప్పా. పిలకాయల కాళ్లు పట్టేస్తాయి" అనేది. కమిటీవాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ మాట మేమే అనాల్సింది. అంటే టీమ్‌లో ఉంచరని భయం.

పోయినేడాది పుంగనూరు జట్టుతో మ్యాచ్ రోజు ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో కూడా వేశారు, కింద 'గౌరవ సలహాదారు' అని. మేము బూట్లు కట్టుకోవడం ఆపి చూస్తున్నాం. గొడుగు కొన మొహాల వెంట పోయి చివర తన మొహం దగ్గర ఆగింది. ఆమె గొడుగును చంకన పెట్టుకుంది. కొంగుతో ఆ ఫొటో మీది దుమ్ము తుడిచి, "బాగానే పడిందే" అంటూ లోపలికి నడిచింది.

ఆ రోజు హాఫ్‌టైమ్‌లో మొదటి శాలువా ఆమెకే కప్పారు. మేము ఎండలో నిలబడి చప్పట్లు కొట్టాం.