తహ్సీన్ కెప్టెన్ ఒడ్డుకు ఈదిన రోజు

బోజ్‌బురున్ ఊళ్లో తహ్సీన్ కెప్టెన్‌ని ఎరగనివాడు లేడు, ఆయన నోటి దురుసు తగలనివాడూ లేడు. సముద్రం అడుగున స్పంజీలు ఏరుకొచ్చేవాడి కొడుకు. మీసం మొలవకముందే పడవెక్కాడు. తర్వాత ఊరి వడ్రంగుల చేత రెండు తెరచాపల చెక్క పడవ కట్టించుకుని, దానికి ‘హైరియే’ అని తల్లి పేరు పెట్టుకున్నాడు. వేసవి వస్తే అంకారా నుంచీ ఇజ్మీర్ నుంచీ దిగిన యాత్రికుల్ని ఎక్కించుకుని, వారమేసి రోజులు కొండల సందుల్లోకి సముద్రం దూరిన చిన్న చిన్న అఖాతాలన్నీ తిప్పుతాడు. ఏ మూలన అడుగునుంచి చల్లటి ఊటనీళ్లు తన్నుకొచ్చి ఈదేవాళ్లని కెవ్వుమనిపిస్తాయో, ఎక్కడ సాయంత్రం మేకలు రాళ్ల మీంచి దిగి ఉప్పునీళ్లు నాకుతాయో ఆయనకి తెలుసు. “ఇటు దూకండి, అటు కాదు. అటు రాళ్లకి ముళ్లజీవులున్నాయి, కాలికి గుచ్చుకుంటే మీ ఆవిడ నన్ను తిడుతుంది” అంటాడు. మాట కటువుగా ఉన్నా మనుషులు మళ్లీ ఏడు ఆయన పడవకే వస్తారు.

ఇంత తెలిసినవాడికి ఒక్కటి మాత్రం చేతకాలేదు. చుక్కాని చక్రం ఇంకొకరి చేతిలో ఉంటే చూస్తూ ఊరుకోవడం.

కూతురు నెర్మిన్ కెప్టెన్ పరీక్ష రాసి నెగ్గి మూడేళ్లయింది. “పరీక్షలో గాలి వీచిందా?” అని తండ్రి వెటకారం. మోకాళ్లు మొరాయిస్తున్నా చక్రం వదలడు. చివరికి ఆ అక్టోబరులో, ఏడాదికి ఆఖరి ప్రయాణం బయల్దేరుతూ, భార్య పోరు పడలేక ఒప్పుకున్నాడు.

“విను. ఈ వారంలో ఒక్కచోటన్నా నా చెయ్యి చక్రం మీద పడకుండా పడవని ఒడ్డుకు కట్టించావో, వచ్చే వేసవి నుంచి హైరియే నీది. లేదా, బోద్రుమ్ ఊరివాడొకడు కొంటానంటున్నాడు, ఇచ్చేస్తా.”

“నీ చేతులు కట్టేసుకుంటావా మరి?” అంది నెర్మిన్.

“నా చేతుల సంగతి నీకెందుకు!”

ఎందుకేమిటి, అసలు సంగతే అది. ఆమె పడవ ముక్కు నుంచి లంగరు దింపి, మెల్లగా వెనక్కి నడుపుతూ ఒడ్డు చేరుకునే సమయానికి, ఎక్కణ్నుంచో ఆయన చెయ్యి వచ్చి చక్రం మీద పడేది. పడ్డాక “చూశావా, నేను లేకపోతే ఏమయ్యేదో” అనేవాడు. ఏమీ అయ్యేది కాదు. వంటవాడు రెమ్జీ వంటగదిలోంచి తల బయటపెట్టి, “అన్నా, ఆ చేతులు నాకిస్తే ఉల్లిపాయలు తరిగించుకుంటా” అనేవాడు. అలా ఒక్కో అఖాతమూ దాటిపోయి, చివరి సాయంత్రానికి ఒకే ఒక్కటి మిగిలింది.

ఆ రోజు పొద్దున్నే, మోకు పట్టుకుని ఒడ్డుకు ఈదే పనివాడు చెవిపోటని దాత్చా రేవులో దిగిపోయాడు. పడవ వెనకనుంచి మోకు ఒకడు ఒడ్డుకు తీసుకెళ్లి కడితేనే అది కుదురుగా నిలుస్తుంది. రెమ్జీకి జీవితమంతా నీటి మీదే గడిచినా ఈత రాదు. యాత్రికుల్ని అడగడం పరువు తక్కువ. మిగిలింది తహ్సీనే.

“రాతికి కొట్టిన ఇనుప కడియానికి కట్టు నాన్నా” అంది నెర్మిన్. “చెట్టుకి కట్టకు. అటవీ శాఖ వాళ్లు వద్దన్నారు.”

“నాకు మోకు కట్టడం నేర్పుతావా?”

“దూకు అన్నా” అన్నాడు రెమ్జీ, “నీ పొట్ట ఉండగా మునగవులే.”

దూకాడు. ఒడ్డెక్కాడు. కడియం కళ్లెదుటే ఉంది. కానీ కాళ్లు వాటంతటవే పక్కనున్న పైన్ చెట్టు దగ్గరికి నడిచాయి. పెళ్లికి ముందు తనే కట్టినా, తర్వాత మనుషుల చేత కట్టించినా ఆయన మోకు ఆ చెట్టుకే. అలవాటు కొంత, అటవీ శాఖ మీద మొండితనం కొంత. రెండు చుట్లు తిప్పి బిగించి చెయ్యి ఊపాడు.

పడవ దగ్గరికొస్తుండగా పక్కనుంచి గాలి కొట్టింది. మోకు బిర్రబిగిసింది. చెట్టు ఫెళ్లుమని నడుం దగ్గర విరిగింది, మోకు జారి నీళ్లలో పడింది. హైరియే వెనకభాగం రాళ్ల వైపు తిరిగింది. యాత్రికులు కేకలు పెట్టారు.

తహ్సీన్ ఒడ్డున నిలబడి “ముందుకి! ముందుకి!” అని అరుస్తున్నాడు. యాత్రికుల కేకల్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఆయన రెండు చేతులూ లేని చక్రాన్ని గాలిలో తిప్పుతున్నాయి. పడవలో నెర్మిన్ అప్పటికే ముందుకు నడిపింది. రెమ్జీ చేత మోకు పైకి లాగించి, లంగరు గొలుసు బిగించి, రాళ్లను తప్పించి పడవను మధ్యకు తెచ్చేసింది. అప్పుడు ఒడ్డు వైపు తిరిగింది.

“కడియానికని చెప్పానా లేదా? చెవుల్లో దూది పెట్టుకున్నావా? ఈదుకుంటూ వచ్చి మోకు అందుకో! కడియానికి కట్టు!”

తహ్సీన్‌కి ఒళ్లు మండిపోయింది. సముద్రం మీద ఆయన్ని అలా కేకలేసినవాడు చచ్చిపోయి చాలా కాలమైంది. ఈదుకెళ్లి చక్రం లాక్కుంటే సరి, పందెం చెల్లలేదని తేల్చేస్తే సరి, అనుకున్నాడు కూడా. తిట్టడానికి నోరు తెరిచి, విరిగిన మొదలు మీద చెయ్యి ఆనించాడు.

చేతికి ఒక గాడి తగిలింది. బెరడు ఎప్పుడో పోయింది, లోపలి కర్ర నున్నగా అరిగింది. చెట్టు చుట్టూతా ఆ గాడే. పడిపోయిన కొమ్మలకేసి చూస్తే ఒక్క పచ్చటాకు లేదు. దాన్ని చంపింది గాలి కాదు. ప్రతి వేసవీ బిగిసిన తన మోకే ఏడాదికింత కోసుకుంటూ వచ్చింది. ప్రతిసారీ ఆ చెట్టు ఎదురుగానే పడవ నిలిపి కూడా తలెత్తి పైకి చూడలేదు. సిగ్గేసింది ఆయనకి. ఆ వయసులో కొత్తగా సిగ్గుపడటం చాలా కష్టంగా ఉంటుంది.

నీళ్లలోకి దిగి, ఈదుకెళ్లి మోకు అందుకున్నాడు. రాళ్ల మీద వట్టికాళ్లతో తడబడుతూ వెళ్లి కడియానికి ముడివేశాడు. నెర్మిన్ రెండోసారి పడవను వెనక్కి తెచ్చింది. ఈసారి తొందరపడలేదు. గాలి కొట్టినప్పుడు ఆగి, తగ్గినప్పుడు కదిలి, ఆయన ఎన్నడూ చేయనంత నెమ్మదిగా తెచ్చి నిలిపింది. రెండో మోకు కూడా విసిరింది, ఆయన దాన్నీ కట్టాడు. గాలి ఎంత తోసినా హైరియే కదల్లేదు.

ఆ తీరంలో ఒక కట్టుబాటుంది. ఒడ్డున మోకు కట్టినవాడు కెప్టెన్ రమ్మనేదాకా కదలకూడదు. ముడి జారితే చూసుకోవడానికి అక్కడే కాపుండాలి. తహ్సీన్ ఎందరిని అలా తడిబట్టలతో నిలబెట్టి, తీరిగ్గా టీ తాగి, ఆ తర్వాత పిలిచాడో ఊళ్లో అడిగితే చెబుతారు.

పొద్దు వాలింది. చలి మొదలైంది. ఆయన నోటి దగ్గర చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

“కెప్టెన్! రమ్మంటారా?”

వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి చప్పుడు ఆగిపోయింది. నెర్మిన్ ఒడ్డుకి వీపు తిప్పింది. ఎందుకు తిప్పిందో రెమ్జీ చూశాడు, తల లోపలికి లాక్కుని మళ్లీ ఉల్లిపాయల మీద పడ్డాడు. తర్వాత ఆమె మోకుల మీద కాలు వేసి తొక్కి చూసింది. ముందుకు నడిచి గొలుసు చూసింది. కొండ మీద మేఘాలు ఎటు పోతున్నాయో చూసింది. ఏ తొందరా లేదు.

“ఇప్పుడే వద్దు. ముడి దగ్గరే ఉండు.”

“సరే కెప్టెన్” అని తహ్సీన్ చేతులు చంకల్లో దోపుకుని, వణుక్కుంటూ అక్కడే నిలబడ్డాడు.